మూడు సంచుల కండక్టరు

పోయిన నెలలో ఒక ఆదివారం మిర్యాలగూడలో మా చిన్నమ్మతో కలిసి వాళ్ళ చర్చికి వెళ్ళాను. ప్రసంగం మొదలై పదకొండు నిమిషాలయింది. టైము చూసుకోవడం నా జబ్బు. కొత్తగా వచ్చిన పాస్టరు నాకంటే చిన్నవాడు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, గొంతు తగ్గించి అన్నాడు:

"మా ఊళ్ళె ఒక కండక్టరు ఉండేటోడు. రిటైరైనంక మూడు సంచుల నిండ పుస్తకాలు మోసుకుంట తిరిగేటోడు..."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. పెదాలు బిగించాను. అది ముక్కులోంచి దారి చూసుకుంది. చిన్నమ్మ మోచేత్తో పొడిచింది.

"ఏందిరా గది? వాక్యం చెప్తుంటె నవ్వుతవా?"

"నవ్వు కాదు చిన్నమ్మా, దగ్గు."

"దగ్గుకు పండ్లు కనబడతయా?"

ఆ కండక్టరు కథ నేను వినడం అది నాలుగోసారి. మొదటిసారి ఆయనది వేములపల్లి అన్నారు. రెండోసారి పెద్దవూర. మూడోసారి ఒక పెళ్ళిలో, ఆయన సొంత అన్న కొడుకునని చెప్పుకున్న పాస్టరు నోట విన్నాను. ఆయనకు అన్నలే లేరు. ఇప్పుడు ఈ తమ్ముడు. చిన్నమ్మ చేతిలోని పాటల కాగితం లాక్కుని వెనక వైపు రాయడం మొదలుపెట్టాను. కథ అయ్యేసరికి ఆరు తప్పులు తేలాయి. ఆరాధన అయ్యాక ఆ తమ్ముడిని పక్కకు పిలిచి ఆరూ వరసగా అప్పజెప్పాలని నిశ్చయించుకున్నాను. అది ఏమైందో చివర్లో చెబుతాను. ముందు ఆ మనిషిని చెప్పాలి, ఎందుకంటే ఆయన నిజంగా ఉన్నాడు. నా నెత్తి మీద దానికి సాక్ష్యం కూడా ఉండేది, కొన్నాళ్ళు.

సూర్యాపేట నుంచి కోదాడ పోయే బస్సు. నాకు బీటెక్ అయిపోయి, ఇంట్లో కూర్చుని చేసే కంప్యూటర్ ఉద్యోగం దొరికిన కొత్త. స్పీడ్ బ్రేకర్ మీద బస్సు ఎగిరింది. పైన సామాన్లు పెట్టే కమ్మీల మీంచి ఒక సంచి జారి నోరు తెరిచింది. అందులోంచి లావుపాటి పుస్తకం ఒకటి నిటారుగా నా నడినెత్తిన దిగింది. వెనక సీటులోంచి ఒక ముసలాయన లేచి వచ్చి ముందు పుస్తకం తీసుకున్నాడు. వీపు నిమిరాడు. మూల వంగిందా లేదా చూశాడు. తర్వాత నా తల చూశాడు.

"పగిలిందా?"

"లేదు తాతా."

"సంఖ్యాకాండం వ్యాఖ్యానం. మూడేండ్లాయె, దీన్ని ఒక్కడు అడుగలే. ఇసిగి ఇగ అదే దుంకింది సూడు."

నా పక్కన కూర్చున్నాడు. బస్సు ఆగబోతే నోట్లో నోట్లోనే "హోల్డాన్" అనేవాడు, కదలబోతే "రైట్ రైట్". నోట్లోనే అంటున్నానని అనుకున్నది ఆయనొక్కడే, బస్సంతా వినబడేది. డ్యూటీలో ఉన్న కుర్ర కండక్టరు రెండు స్టేజీలు ఓర్చుకుని వచ్చాడు.

"పెద్దాయనా, డ్యూటీల నువ్వున్నవా, నేనున్ననా?"

"నువ్వే సారూ. నాది ఊపిరి. ఆపుకోరాదు."

ముప్పై ఏళ్ళకు పైగా ఈ దారుల్లో కండక్టరుగా చేసిన మనిషి. రిటైరయ్యాక కూడా దిగలేదు. సంచి మాత్రం మారింది. టికెట్ల సంచి ఇచ్చేసి పుస్తకాల సంచులు ఎత్తుకున్నాడు. అన్నీ క్రైస్తవ గ్రంథాలే: బైబిలు వ్యాఖ్యానాలు, పద సూచికలు, ప్రసంగం తయారు చేయడం ఎలాగో చెప్పేవి, ఉపమానాల సంపుటాలు, సంఘాన్ని నడిపించడం గురించినవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు మూలలు. వాటిని కలిపే మూడు దారులు. ఆ దారుల్లోనూ వాటికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళ పాస్టర్లు ఆయన పాఠకులు. ఊరికే ఇస్తాడు, చదివాక తీసుకుంటాడు, ఇంకొకటి ఇస్తాడు.

ఆ పాస్టర్లు ఎవరో చెప్పకపోతే ఈ పని విలువ తెలియదు. పెద్ద చర్చిల్లో చదువుకున్న రెవరెండ్లు ఉంటారు. ఊళ్ళలో అలా కాదు. సోమవారం నుంచి శనివారం దాకా ఒకరు తాపీ పట్టుకుంటారు, ఒకరు ఆటో నడుపుతారు, ఒకరు నాట్లకు పోతారు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని గంట మాట్లాడాలి. "అన్నిట్లకు సెలవున్నది ఇంజనీరూ. ఆదివారమే, ఆగమంటె ఆగదు. ప్రతి వారం వచ్చి తలుపు కొడ్తది" అనేవాడు. నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. నేనూ ఆయన పేరు ఇక్కడ రాయను. తన పుస్తకాల్లో దేని మీదా ఆయన పేరు రాసుకోలేదు. "పేరు రాస్తె పుస్తకం నాదైతది. రాయకపోతె రోడ్డుదైతది" అనేది ఆయన లెక్క.

పుస్తకం ఇచ్చే పద్ధతి ఒకటుండేది. దాని వీపును మోకాలి మీద మూడుసార్లు కొట్టేవాడు, దుమ్ము రాలడానికి. బొటనవేలు నాలుకకు అద్దుకుని, టికెట్ చింపినట్టు ఒక పాత టికెట్ తీసి మొదటి పేజీలో పెట్టేవాడు. తిరిగి తెచ్చినప్పుడు ఒకటే ప్రశ్న: "ఏడ ఎక్కినవ్, ఏడ దిగినవ్?" అంటే ఏ అనుమానంతో తెరిచావు, ఏ మాట దగ్గర మూశావు అని. జవాబు చెప్పలేనివాడికి అదే పుస్తకం మళ్ళీ చేతిలో పెట్టేవాడు. "నిద్రపొయినట్టున్నవ్. నీ స్టేజి దాటిపొయింది. మళ్ల ఎక్కు."

ప్రసంగాలను కూడా బస్సుల్లాగే విడదీసేవాడు. మొదటి రోజే నన్నడిగాడు, మా పాస్టరు ఎలా చెబుతారని. బాగా చెబుతారన్నాను.

"బాగ అనేది జవాబు కాదు. పల్లెవెలుగా, ఎక్స్‌ప్రెస్సా?"

"అంటే?"

"చెయ్యెత్తిన కాడల్ల ఆగుతడా? ఆదాం కాడ జర సేపు, నోవహు కాడ జర సేపు, వాళ్ళ చెల్లె పెండ్లి కాడ జర సేపు. అది పల్లెవెలుగు. ఎక్స్‌ప్రెసైతె మూడే స్టాపులు."

మాది పల్లెవెలుగని ఒప్పుకోవలసి వచ్చింది. దారిలో టీ తాగడానికి దిగే రకం కూడా.

ఎవరు ఏ పుస్తకం అడిగారో దాన్ని బట్టి ఆ ఊరి సంగతి చెప్పేసేవాడు. సంఘ నాయకత్వం పుస్తకం అడిగితే కమిటీతో లొల్లి పడ్డట్టు. సహనం మీద అడిగితే లొల్లిలో ఓడిపోయినట్టు. ప్రకటన గ్రంథం అడిగితే ఆ పాస్టరుకు ఈ మధ్య పనిలేనట్టు. అయితే ఇదంతా నాతో అన్నాడే గాని పేర్లు ఎప్పుడూ పలకలేదు. అక్కడ ఆయన చాలా కఠినం. ఊళ్ళలో జనం నమ్మకం ఏమిటంటే, ప్రసంగం మోకాళ్ళ మీద ప్రార్థనలో దొరకాలి, పుస్తకంలో దొరకకూడదు. అందుకని పాస్టర్లు పుస్తకాన్ని మిర్చి బజ్జీల్లాగా పాత పేపర్లో చుట్టించుకుని, ఇటూ అటూ చూసి చంకలో పెట్టుకుపోయేవారు. ఎవరి ప్రసంగం ఏ పుస్తకంలోంచి వచ్చిందో సంచికీ ఆయనకూ తప్ప తెలియదు.

పుస్తకాలకు అట్టలు వేయడానికి మిర్యాలగూడ రైస్ మిల్లు సేటు ఒకాయన ప్రతి ఏడూ పాత క్యాలెండర్లు ఇచ్చేవాడు. దళసరి నున్నటి కాగితం, ప్రతి దాని మీదా లక్ష్మీదేవి. బొమ్మ లోపలికి, తెలుపు పైకి వచ్చేట్టు మడిచేవాడు. వానాకాలంలో చెమ్మకు తెలుపు పలచబడి, ఫిలిప్పీ పత్రిక వ్యాఖ్యానంలోంచి అమ్మవారు మెల్లగా నవ్వుతూ కనబడేది. సేటుకు అది చూపిస్తే పడీపడీ నవ్వాడట. "ఉండనీ అన్నా! మీ వాక్యానికి మా తల్లి కాపలా."

ఆయన మాత్రం ఒక్కసారి కూడా ప్రసంగించలేదు. ఎంతమంది పిలిచినా ఒకే మాట: "నేను డ్రైవర్ను కాదు."

ఇక నా తప్పు.

వందల పుస్తకాలు, నలభై మంది పైన పాస్టర్లు, మూడు సంచులు, ఒక నోటు పుస్తకం. చూస్తుంటే నా చేతులు దురద పెట్టాయి. ఆయన ఇంటి అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నాలుగు శనివారాలు కూర్చున్నాను. ప్రతి పుస్తకానికీ ఒక నంబరు, ఒక అంశం. ప్రతి పాస్టరుకూ ఒక వరుస. ఫలానా అంశం అని కొడితే సరిపోయే పుస్తకం, అది ఖాళీగా ఉందా లేదా, వెంటనే వస్తుంది. తాత పక్కన కూర్చుని నిమ్మకాయ సోడా తాగుతూ చూసేవాడు.

"మూడు సంచులెందుకు తాతా? జాబితా ఒకటే కదా. అన్నీ కలిపేద్దాం."

"సంచులు కలుపకు."

"ఎందుకు?"

"కలుపకు అంటున్న గద."

కారణం చెప్పని సూచనను పాటించడం నాకు చేతకాదు. ఆయన చెప్పకపోవడానికి కారణం, అది ఆయనకు కారణంగా ఎప్పుడూ తోచకపోవడం. ముప్పై ఏళ్ళు టికెట్లు కొట్టిన చేతికి తెలుసు. అంతే. నోటు పుస్తకంలో ఒక పుస్తకం పక్కన ఎర్ర పెన్నుతో "ఒక్కరికే" అని ఉంది. సిలువ మీది ఏడు మాటల గురించిన పలచటి పుస్తకం అది. ఎవరెవరో ఇచ్చినవి, దానివి ఐదు కాపీలున్నాయి. ఐదు కాపీలుండగా ఒక్కరికే ఏమిటి? ఒక్క కాపీ ఉన్నప్పుడు రాసుకున్న మాట అయ్యుంటుందనుకుని దాన్ని జాబితాలోకి ఎక్కించలేదు.

ఆ ఏడు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలం, లెంటు, మొదలవుతుండగా తాత కంటికి ఆపరేషన్ అయింది. నలభై రోజులు పుస్తకం ముట్టొద్దన్నారు. "లెంటు నలభై, కన్ను నలభై. రెండు ఉపాసాలు ఒక్క పొద్దుల" అని నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. పంపకం నా చేతికి వచ్చింది. నేను మొదట చేసిన పని మూడు సంచులనూ ఒక అల్మారాలోకి ఒంపడం.

గుడ్ ఫ్రైడే నాడు ఏం జరుగుతుందో తెలియనివారి కోసం చెబుతాను. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. యేసు సిలువ మీద పలికిన మాటలు ఏడు. ఒక్కో మాట మీద ఒక్కో పాస్టరు మాట్లాడతాడు. ఆ ఏడు కోదాడలో ఒక పెద్ద చర్చిలో చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి జరుపుకున్నాయి. ఏడుగురు పాస్టర్లు, మూడు దారుల నుంచీ. అందులో ఇద్దరు చదువుకున్న రెవరెండ్లు. మిగిలిన ఐదుగురూ మా వాళ్ళే. ఐదుగురూ నాకు ఫోన్ చేశారు. ఐదుగురికీ అంశం ఒకటే. ఐదు కాపీలూ ఖాళీగా ఉన్నాయి. ఐదు నిమిషాల్లో పని ఖతం చేసి నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆ రోజు తాత నల్లద్దాలతో, నేను ఆయన చెయ్యి పట్టుకుని, వెనక బెంచీలో కూర్చున్నాం. ఏప్రిల్ ఎండ. ఫ్యాన్లు తిరుగుతున్నాయో బతిమాలుతున్నాయో తెలియదు. మొదటి మాట మీద ఒక ఆటో పాస్టరు లేచాడు. మధ్యలో ఉపమానం ఎత్తుకున్నాడు.

"మా వేములపల్లిల బావి తవ్వేటోడు ఒకాయన ఉండె. కింద ఇంకొకడు ఊపిరాడక పడిపోతె, తాడు తన నడుముకు కట్టుకొని దిగిండు. వాణ్ని తాడుకు కట్టి పైకి పంపిండు. ఆయన అండ్లనే ఉండిపోయిండు."

జనం నిట్టూర్చారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. తాత తల మాత్రం అంగుళం పక్కకు తిరిగింది.

రెండో మాట ఒక రెవరెండుది. చక్కగా చెప్పాడు. మూడో మాటకు లేచినాయన సగానికి వచ్చి, చెయ్యి గాలిలో తిప్పి, "మా పెద్దవూరల..." అన్నాడు. "బావి తవ్వేటోడు ఒకాయన ఉండె."

కళ్ళు తుడుచుకున్న ఆవిడ కొంగు దించింది. పిల్లల వరసలో ఒకడు కిసుక్కుమన్నాడు. తాత నా వైపు వంగాడు.

"ఇంజనీరూ. ఎంతమందికిచ్చినవ్?"

"ఐదు."

"ఏది, పలుచటి బుక్కా?"

"అదే తాతా."

నల్లద్దాల వెనక ఏముందో కనబడలేదు. పెదాలు కదిలాయి. "యేసయ్యా. ఇంక మూడు బావులున్నయ్" అన్నాడు.

ఇప్పుడు నాలుగో మాట. దానికి లేచింది నడిగూడెం వైపు నుంచి వచ్చిన మేస్త్రీ పాస్టరు. వారమంతా తాపీ పని, ఆదివారం రేకుల షెడ్డులో ముప్పై మందికి వాక్యం. ఇంత పెద్ద చర్చిలో నిలబడటం జీవితంలో మొదటిసారి. భార్య, ఇద్దరు కూతుళ్ళు మూడో వరసలో కొత్త బట్టల్లో కూర్చున్నారు. ఆయన చేతిలో రూళ్ళ కాగితం ఉంది. ఆ కాగితంలో ఏముందో ఆ చర్చిలో ముగ్గురికి తెలుసు: ఆయనకు, నాకు, తాతకు.

"మా..." అన్నాడు. ఆగాడు. చెమట తుడుచుకున్నాడు. "మా నడిగూడెం దిక్కు..." మళ్ళీ ఆగాడు.

ముందు వరసలో కోదాడ సంఘ పెద్ద ఒకాయన ఉన్నాడు. మాటకు పదును ఎక్కువ. కుర్చీలోంచి కదలకుండానే అన్నాడు: "ఏమండీ పాస్టరుగారూ, మీ ఊళ్ళో కూడా బావి తవ్వారా?"

చర్చి గొల్లుమంది. ఆ నవ్వులో మేస్త్రీ చిన్న కూతురు తల దించుకోవడం చూశాను. ఆ ఒక్క మనిషి ఇక జన్మలో పుల్పిట్ ఎక్కి ప్రసంగించడని, పుస్తకం ముట్టడని నాకు తెలిసిపోయింది. మిగిలినవాళ్ళూ ముట్టరు. నలభై మంది పేపర్లో చుట్టుకుని పోయిన రహస్యం నేను ఒక మధ్యాహ్నంలో విప్పేశాను. లేవబోయాను. నా మోకాలి మీద చెయ్యి పడింది.

"కూసో."

ఆయన లేచాడు. జీవితమంతా నిండు బస్సుల వెనక నుంచి డ్రైవరుకు వినిపించిన గొంతు అది.

"హోల్డాన్!"

చర్చి ఆగింది. నిజంగా ఆగింది. ఫ్యాన్లు కూడా ఆగాయని నాకనిపించింది, కరెంటు పోయిందేమో.

బెంచీలు తడుముకుంటూ ముందుకు నడిచాడు. ఎవరో చెయ్యి అందిస్తే వద్దన్నాడు. పుల్పిట్ ఎక్కలేదు, కింద నిలబడ్డాడు, ఫుట్‌బోర్డు మీద నిలబడ్డట్టు ఒక చేత్తో రెయిలింగు పట్టుకుని.

"ఆ బావి నాది. పుస్తకం నాది, సంచి నాది. ఒక్కరికి ఇయ్యాల్సింది ఐదుగురికిచ్చిన. ఒక్క సీటుకు ఐదు టికెట్లు కొట్టిన కండక్టర్ను నేను. తప్పు నాది, ఎక్కినోళ్ళది కాదు."

సంఘ పెద్ద అన్నాడు: "అయితే మన పాస్టర్లు పుస్తకాలు చూసి చెబుతారంటారు?"

"సారూ, పొద్దుగాల మీ ఇంట్ల అన్నం తింటరు గద. బియ్యం ఎక్కడియి?"

"మిర్యాలగూడవి."

"మిల్లుల పట్టినయ్. ఎవరో పండించిండ్రు, ఎవరో పట్టిండ్రు. వండింది ఎవరు?"

"మా ఆవిడ."

"మరి మీ ఇంటామెను అడిగిండ్రా, ఈ బియ్యం నువ్వు మోకాళ్ళ మీద పండించినవా అని?"

ఈసారి నవ్వు వేరే రకం. సంఘ పెద్ద భార్య అందరికంటే గట్టిగా నవ్వింది. ఆయన కూడా చివరికి పళ్ళు బయటపెట్టాడు. ఏం చేస్తాడు, సాయంత్రం ఉపవాసం విడిచేది ఆ ఇంట్లోనే కదా.

తాత మేస్త్రీ వైపు తిరిగాడు. "పాస్టరుగారూ, కాయితం జేబుల పెట్టు. మేస్త్రీ పని చేస్తవు గద నువ్వు. ఎన్నడన్న బావిల దిగినవా?"

"దిగిన అన్నా. సిమెంటు ఒరలు దింపిన. పదిహేనేండ్లు అదే పని."

"మరి పుస్తకంల బావెందుకు? నీదే చెప్పు. రైట్ రైట్."

మేస్త్రీ కాగితం మడిచి జేబులో పెట్టాడు. నాలుగో మాట అంటే, దేవా నన్నెందుకు విడిచిపెట్టావన్న కేక. ఆయన ఉపమానం చెప్పలేదు. బావి అడుగున కూర్చుంటే ఆకాశం అన్నం పళ్ళెమంత కనబడుతుందని చెప్పాడు. ఒకసారి పైన తాడు పట్టుకునేవాడు టీకి పోయాడని, తాను ముందు పేరు పెట్టి పిలిచానని, తర్వాత పేరు కూడా మరిచిపోయి ఊరికే కేక వేశానని చెప్పాడు. "ఆ కేక నాకు తెల్సు. ఆయన గుడ గదే కేక ఏసిండు. నాకు మనిషి మళ్ల వచ్చిండు. ఆయనకు రాలే. నా కోసమే రాలే." అంతే. వెళ్ళి కూర్చున్నాడు. మూడు నిమిషాల నలభై సెకన్లు. చిన్న కూతురు తల ఎత్తి తండ్రినే చూస్తోంది.

ఐదో మాటకు లేచినాయన మైకు ముందు నిలబడి, పాపం, నిజాయితీపరుడు, "నా తాన గుడ గదే బావి ఉన్నది. చెప్పాల్నా, పూడ్చాల్నా?" అన్నాడు. గుడ్ ఫ్రైడే నాడు అంత నవ్వు నేను మళ్ళీ వినలేదు. ఆ నవ్వులో భక్తికి లోటేమీ కనిపించలేదు. ఏడో ఆయన కాగితం బయటికే తీయలేదు.

తిరుగు బస్సులో తాతను కిటికీ పక్కన కూర్చోబెట్టాను.

"ఏం ఇంజనీరూ, నీ కంప్యూటరుకు బావులంటె బాగ ఇష్టమా?"

"తప్పు నాది కదా తాతా. మీరెందుకు మీద వేసుకున్నారు?"

"టికెట్ లేనోడు దొరికితె చెకింగోళ్ళు ముందు ఎవర్ని పట్టుకుంటరు?"

"కండక్టర్ని."

"మరి? బస్సు నాది." నా వైపు తిరిగి, "సంచులెందుకు మూడో ఇప్పుడు తెలిసిందా? ఒక దారి మీదోళ్ళు ఇంకో దారి మీటింగులకు పోతరు, పెండ్లిళ్ళకు పోతరు. ఒక ఏడు ఒక దారిల తిరిగిన పుస్తకం, ఆ ఏడు ఇంకో దారిల తిరుగొద్దు. నాకు గుడ ఇయ్యాలటి రోజే తెలిసింది, ఎందుకో" అన్నాడు. నవ్వడం మొదలుపెట్టాడు. "పెద్దవూరల బావి! వానికి పెద్దవూరల ఉన్నది నాగార్జునసాగర్ కాల్వ! బావెవడు తవ్విండు?" నవ్వీ నవ్వీ నల్లద్దాలు తీసి, తుడుచుకోకూడని కన్ను తుడుచుకున్నాడు. నేను భయపడి చెయ్యి పట్టుకున్నాను. డ్యూటీ కండక్టరు వచ్చి "ఏమైంది పెద్దాయనా?" అంటే, "బావిల పడ్డం బిడ్డా, ఇద్దరం" అన్నాడు.

మరుసటి రోజే మళ్ళీ మూడు సంచులు చేశాను. జాబితాలో "దారి" అని ఒక గడి, "ఒక్కరికే" అని ఒక గడి చేర్చాను. కానీ పాస్టర్లు రాలేదు. ఈస్టరు తర్వాత రెండు వారాలు సూర్యాపేట బస్టాండులో ఆయన మామూలుగా కూర్చునే సిమెంటు బల్ల మీద మూడు సంచులూ పెట్టుకుని కూర్చున్నాం. ఎవరూ రాలేదు. బస్సులు వచ్చాయి, పోయాయి. ఆయన ప్రతి బస్సుకూ "రైట్ రైట్" అన్నాడు గాని ఆ గొంతులో గాలి తగ్గింది. సంఖ్యాకాండం తీసి మోకాలి మీద కొడుతూ కూర్చున్నాడు, దుమ్ము లేకపోయినా.

మూడో శనివారం నడిగూడెం వైపు నుంచి వచ్చిన బస్సు ఆగింది. మేస్త్రీ పాస్టరు దిగాడు. చేతిలో ఆ పలచటి పుస్తకం. పేపరు లేదు. చంకలో కూడా లేదు. నలుగురూ చూసేట్టు గుండెకు ఆనించి పట్టుకుని నడిచి వచ్చాడు.

తాత అడిగాడు: "ఏడ ఎక్కినవ్?"

"నాలుగో మాట కాడ అన్నా."

"ఏడ దిగినవ్?"

"బావిల."

ఇద్దరూ నవ్వుకున్నారు. మేస్త్రీ సంచిలోకి తొంగిచూసి, "లావుది ఏదన్న ఇయ్యన్నా. మా సంఘపోళ్ళు అడుగుతున్నరు, ఈ వారం ఏ బుక్కు తెస్తున్నవ్ అని" అన్నాడు. తాత ఆలోచించకుండా సంఖ్యాకాండం చేతిలో పెట్టాడు. వేలు నాలుకకు అద్దుకుని టికెట్ తీశాడు. ఆ తర్వాత ఒకరొకరే వచ్చారు, నలభై మందీ. పాత పేపర్ల కట్ట ఇంట్లో మిగిలిపోయింది.

ఆయన రెండేళ్ళ క్రితం వానల్లో పోయాడు. మూడు సంచులు ఇప్పుడు నా స్కూటరు మీద తిరుగుతున్నాయి, ఒక దారికి ఒక శనివారం. మిగిలింది మిర్యాలగూడ సంగతి.

ఆరాధన అయింది. చిన్నమ్మను నీడలో నిలబెట్టి, కాగితం పట్టుకుని ఆ కుర్ర పాస్టరు దగ్గరికి వెళ్ళాను. జాబితా ఇది. ఆయనది ఈ తమ్ముడి ఊరు కాదు. సంచులు నల్లవి కావు, యూరియా సంచులు కుట్టినవి. పుస్తకాలు పంచిపెట్టలేదు, చదవడానికిచ్చి తీసుకునేవాడు. అది క్రిస్మస్ కాదు, గుడ్ ఫ్రైడే. ఆయన ఏడవలేదు, హోల్డాన్ అన్నాడు. ఆరోది: "ఆ తప్పు ఎవరు చేశారో నేటికీ తెలియదు" అన్నాడు ఈ తమ్ముడు. తెలుసు.

నన్ను చూడగానే ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది. నా చేతిలో కాగితం చూశాడు. ముప్పై మంది ముందు గంట మాట్లాడి వచ్చిన చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. నాకు మేస్త్రీ రూళ్ళ కాగితం గుర్తొచ్చింది.

"అన్నా, ప్రైజ్ ది లార్డ్. ఆ కండక్టరు కథ... ఏడన్న తప్పు చెప్పిన్నా?"

కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాను.

"లేదు బ్రదర్. చాలా బాగుంది. ఒక్క ముక్క కలుపుకోండి. ఆ తప్పు చేసింది ఒక ఇంజనీరు. ముసలాయన మాట వినకుండా మూడు సంచులూ కలిపేశాడు."

ఆయన కళ్ళు వెలిగాయి. వెంటనే పెన్ను తీసి బైబిలు వెనక అట్ట మీద రాసుకోబోయి ఆగాడు.

"మంచిగున్నదన్నా! ఆ ఇంజనీరుది ఏ ఊరు?"

"మీ ఊరే" అన్నాను.

రాసుకున్నాడు. రోడ్డు మీద సూర్యాపేట బస్సు కదులుతోంది. నా నోట్లోంచి, నేను అనకుండానే, వచ్చేసింది. చిన్నమ్మ దూరం నుంచి అరిచింది: "ఎవర్నిరా రైట్ రైట్ అంటున్నవ్?"